డబ్బా మీద పేరు

ఆ ఇంట్లో ఏ డబ్బా మీదున్న పేరునూ నమ్మకూడదు. బిస్కెట్ల డబ్బా మూత తీస్తే రక్తంలో చక్కెర చూసుకునే మీటరు కనబడుతుంది. పోనీ మీటరు సంచీ జిప్పు లాగుదామా అంటే లోపల పిన్నీసులు కాచుకుని ఉంటాయి. టూత్‌పేస్టు అట్టపెట్టెలో సిరంజీలు, కళ్లజోడు పెట్టెలో గ్లూకోజు బిళ్లలు. కళ్లజోడేమో ఎప్పుడూ దర్జీగారి నెత్తిమీదే. ఇక ‘ఇన్సులిన్’ అని పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చేసిన అట్టపెట్టెలో ఉండేవి కోటు గుండీలు. అసలు ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో, ముఖానికి రాసుకునే క్రీమ్ డబ్బాలో చల్లగా కూర్చుంటాయి. ఈ ఏర్పాటంతా దర్జీగారి భార్యది. ఆవిడ కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా కావలసింది చేతికొస్తుంది. మరొకరెవరైనా పాపం టీ పెట్టుకుందామని ఆ వంటింట్లో అడుగుపెడితే మూడు చెరువుల నీళ్లు తాగి బయటికి రావలసిందే.

ఆ రోజు పొద్దున వాళ్ల పథకం చాలా చిన్నది. విమానం ఎక్కాలి, దిగాలి, సాయంత్రం లోపల రిజిస్ట్రారు ఆఫీసుకు చేరి చెల్లెలి పెళ్లికి సాక్షి సంతకం పెట్టాలి. దర్జీగారికి ఒక్కగానొక్క చెల్లెలు. తండ్రి పోయినప్పటి నుంచి ఆయనే పెంచాడు. కారు నడపడం నేర్పే బడి పెట్టుకుని, నలభై దాటేదాకా పెళ్లి మాటెత్తకుండా, ఇప్పుడు తన దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చిన ఒక లెక్కల మాస్టారిని చేసుకుంటోంది. ఆ మాస్టారు పరీక్ష తప్పడం, మళ్లీ వచ్చి చేరడం, మళ్లీ తప్పడం చూసి మొదట్లో ఆవిడ ‘ఇంత మొద్దు మనిషి లెక్కలెలా చెబుతున్నాడో’ అనుకుంది. సంగతి అర్థం కావడానికి కొంతకాలం పట్టింది.

అన్నాచెల్లెళ్ల మధ్య ఒకటే పేచీ. చెల్లెలు పట్టా పుచ్చుకున్న రోజున అన్నయ్యకు షుగర్ పడిపోయింది. ఆవిడ డ్రైవింగ్ బడి తెరిచిన రోజున పెరిగిపోయింది. సొంతిల్లు కొనుక్కున్నప్పుడు ఏమైందో ఎవరికీ గుర్తులేదు కానీ, అన్నయ్య మాత్రం అందరూ భోజనాలు చేసి వెళ్లిపోయాక దిగాడు. “నా ముఖ్యమైన రోజులన్నీ మా అన్నయ్య షుగర్‌కి ముందే తెలిసిపోతాయి” అని ఆవిడ కనబడిన ప్రతివాళ్లకూ చెప్పుకుంటుంది. ఈసారి ఫోన్‌లో ఖచ్చితంగా చెప్పేసింది. “అన్నయ్యా, సాక్షి సంతకం నువ్వే పెట్టాలి. నువ్వు రాకపోతే ఇంకెవరిచేతా పెట్టించను. పెళ్లి ఆపేస్తా. ఇవాళ తప్పితే రిజిస్ట్రారు గారు మళ్లీ రెండు నెలల దాకా తారీఖు ఇవ్వరు, అదీ గుర్తుపెట్టుకో.” అన్నంత పనీ చేసే మనిషి. ఆ మాట విన్నప్పటి నుంచి దర్జీగారికి కంటిమీద కునుకు లేదు. చెల్లెలి పెళ్లి తన వల్ల ఆగితే ఇక తన మొహం తను అద్దంలో చూసుకోలేడు.

విమానం ఎక్కడం ఇదే మొదలు కాబట్టి ముందు జాగ్రత్తగా డాక్టరును అడిగాడు. ఆయన చెప్పినవి మూడే ముక్కలు. ఇన్సులిన్ చేతిసంచీలోనే ఉండాలి, పెద్దపెట్టెలో పెట్టి కింద సామాన్లలో పంపితే చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు. తనిఖీ దగ్గర అడక్కముందే చెప్పాలి. మందు దాని సొంత డబ్బాలోనే ఉండాలి, పేరు కనబడాలి. మొదటి రెండూ ఎవరైనా చెయ్యగలరు. మూడోది ఆ ఇంట్లో విప్లవం.

ఆ విప్లవం పొద్దున్నే, భార్య స్నానానికి వెళ్లినప్పుడు జరిగింది. దర్జీగారు చేతిసంచీ బోర్లించి, జీవితంలో మొదటిసారి ప్రతి వస్తువునూ దాని పేరున్న డబ్బాలోకి చేర్చాడు. సీసాలను ఇన్సులిన్ పెట్టెలో పెట్టాడు. పెళ్లికొడుకు కోటుకు కుట్టవలసిన గుండీలను ఖాళీ అయిన క్రీమ్ డబ్బాలో పోశాడు. మీటరును మీటరు సంచీలోకి, పిన్నీసులను బిస్కెట్ల డబ్బాలోకి, గ్లూకోజు బిళ్లలను గ్లూకోజు డబ్బాలోకి మార్చాడు. నెత్తిమీది కళ్లజోడు కూడా తీసి దాని పెట్టెలో పెట్టి, తృప్తిగా చేతులు దులుపుకున్నాడు. టూత్‌పేస్టు పెట్టె సంగతి మర్చిపోయాడు. తర్వాత రోజూలాగే సూది వేసుకుని తనూ స్నానానికి వెళ్లాడు.

ఆయన అటు వెళ్లగానే ఆవిడ ఇటు వచ్చి సంచీ తెరిచింది. ఇన్సులిన్ పెట్టెలో ఇన్సులిన్ ఉంది. ఆవిడ గుండె గుభేలుమంది. ‘కంగారులో ఈయనేదో కెలికేశారు’ అనుకుని సీసాలను తీసి క్రీమ్ డబ్బాలోనూ, గుండీలను తీసి ఇన్సులిన్ పెట్టెలోనూ పెట్టేసింది. మిగతావి చూసేలోపు బయట టాక్సీ హారన్ మోగింది. “టిఫిన్ తినరా?” అని అడిగితే, “ఎయిర్‌పోర్ట్‌లో తిందాంలే, పద” అన్నాడు దర్జీగారు. అలా బయలుదేరిన ఆ సంచీలో సగం మొగుడు సర్దింది, సగం పెళ్లాం సర్దింది. ఇద్దరూ మొత్తం తమదే అనుకున్నారు.

విమానాశ్రయంలో పెద్దపెట్టె అప్పగించే వరసలో నిలబడ్డారు. ఆవిడ మంచినీళ్ల కోసం అటు వెళ్లగానే దర్జీగారి కళ్లు గోడమీది బోర్డు మీద పడ్డాయి. ద్రవాలు, క్రీములు చేతిసంచీలో ఫలానా కొలతకు మించి ఉండకూడదని రాసి ఉంది. సంచీలో క్రీమ్ డబ్బా ఆయనకు గుర్తొచ్చింది. లోపలున్నవి గుండీలేనని ఆయనకు తెలుసు. కానీ పైన క్రీమ్ అని ఉంది కదా, అడిగినవాళ్లకల్లా కథ చెప్పుకోవాలి కదా. ఎందుకొచ్చిన గొడవ అని ఆ డబ్బా తీసి పెద్దపెట్టెలో బట్టల మధ్య దూర్చేశాడు. పెట్టె నల్లటి బెల్టు మీద కదిలి రబ్బరు తెరల వెనక మాయమైంది. దర్జీగారు దానికి చెయ్యి ఊపలేదు కానీ, మనసులో మాత్రం పెద్ద బరువు దిగిపోయింది.

తనిఖీ దగ్గర యూనిఫాం వేసుకున్న ఆఫీసరమ్మ ఒకావిడ నిలబడి ఉంది. డాక్టరు చెప్పినట్టే, అడక్కముందే దర్జీగారు ఇన్సులిన్ పెట్టె తీసి ముందుకు చాపాడు.

“నాకు షుగరమ్మా. ఇది ఇన్సులిన్. దాని సొంత డబ్బాలోనే ఉంది, పేరు కూడా చూసుకోండి.”

ఆవిడ పేరు చూసింది, తలూపింది, పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. గలగలమంది.

“ఇన్సులిన్ గలగలమంటుందా సార్?”

“అనకూడదమ్మా” అన్నాడు దర్జీగారు నిజాయితీగా.

ఆవిడ మూత తీసి ట్రేలో బోర్లించింది. గుండీలు ట్రే దాటి, బల్ల దాటి, కింద పడి నాలుగు వైపులా దొర్లాయి. వరసలో ఉన్న మంచి మనుషులు కొందరు వంగి ఏరడం మొదలుపెట్టారు. అప్పుడే తన తనిఖీ ముగించుకుని వచ్చిన భార్య ఆ గందరగోళం చూసి నెమ్మదిగా అంది.

“ఆ పెట్టెలో గుండీలే ఉంటాయి కదమ్మా. అందులో ఇన్సులిన్ ఎందుకుంటుంది?”

“మరి ఇన్సులిన్ ఎక్కడుంది మేడమ్?”

“క్రీమ్ డబ్బాలో.”

“కాదు కాదు” అన్నాడు దర్జీగారు. “క్రీమ్ డబ్బాలో గుండీలున్నాయి. పొద్దున నేనే సర్దా.”

“మీరు సర్దారని చూసే, నేను మళ్లీ సర్దా” అంది భార్య.

దర్జీగారి గొంతు చాలా చిన్నగా వచ్చింది. “ఆ డబ్బా పెద్దపెట్టెలో పెట్టి పంపించేశానే.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. డాక్టరు ఏది చెయ్యొద్దన్నాడో సరిగ్గా దాన్నే, డాక్టరు మాట వినబోయి చేశాడు. చెల్లెలి దగ్గర ఉండాలనుకున్న రోజులన్నిటికీ సరిపడా మందు ఆ పెట్టెలోనే ఉంది. మందు పాడైతే అక్కడ మొదట వెతుక్కోవలసింది ఆసుపత్రి, పెళ్లి కాదు. మళ్లీ చెల్లెలి రోజు, మళ్లీ అన్నయ్య షుగర్.

ఆఫీసరమ్మ ముఖంలో మాత్రం జాలి లేదు. ఆవిడ ఉద్యోగమే అనుమానం. పెద్దపెట్టెను వెనక్కి తెప్పించమని ఎవరికో చెప్పి, సంచీలోంచి టూత్‌పేస్టు పెట్టె తీసింది. సిరంజీలు బయటపడ్డాయి. సిరంజీలు చూడగానే మొగుణ్ని ఒక కుర్చీలో, పెళ్లాన్ని కాస్త దూరంగా ఇంకో కుర్చీలో కూర్చోబెట్టింది.

ముందు దర్జీగారి దగ్గరికి వెళ్లింది. “బిస్కెట్ డబ్బాలో ఏముంది?”

“పిన్నీసులమ్మా.”

“మీటర్ సంచీలో?”

“మీటరు.”

“కళ్లజోడు పెట్టెలో?”

“కళ్లజోడే.”

ఇవన్నీ మనసులో పెట్టుకుని భార్య దగ్గరికి వెళ్లి అవే అడిగింది. బిస్కెట్ డబ్బాలో మీటరు, మీటరు సంచీలో పిన్నీసులు, కళ్లజోడు పెట్టెలో గ్లూకోజు బిళ్లలు అని ఆవిడ తడుముకోకుండా చెప్పింది. ఒకే ఇంట్లో ఉండి, ఒకే సంచీ తెచ్చుకుని, ఒక్క మాట కూడా కలవని జంటను ఆఫీసరమ్మ తన ఉద్యోగంలో ఇంతకు ముందు చూడలేదు.

“మీరిద్దరూ నిజంగా భార్యాభర్తలేనా?”

“ఇంత తేడా ఉన్నాక కూడా అడుగుతున్నారా?” అంది భార్య.

ఆ మాటకు వరసలోని వాళ్లు నవ్వారు కానీ ఆఫీసరమ్మ నవ్వలేదు. ఆవిడ చూపు దర్జీగారి మీదికి మళ్లింది. ఆయన నుదుటి మీద ముచ్చెమటలు పోస్తున్నాయి. చేతులు సన్నగా వణుకుతున్నాయి. మొహం పాలిపోయింది. తప్పు చేసినవాడు దొరికిపోతే ఎలా ఉంటాడో అచ్చం అలాగే ఉన్నాడు.

“ఏసీ ఇంత చల్లగా ఉంటే మీకు చెమటలెందుకు పడుతున్నాయి సార్?” అంది ఆవిడ గొంతు పెంచి.

దర్జీగారు జవాబు చెప్పబోయి, ఏం చెప్పాలో తెలియక, పిచ్చి నవ్వొకటి నవ్వాడు. ఆ నవ్వు చూడగానే దూరంగా ఉన్న భార్య ఎవరి అనుమతీ అడక్కుండా లేచి వచ్చేసింది.

“ఆయనకి షుగర్ పడిపోతోంది. పొద్దున సూది వేసుకున్నారు, ఏమీ తినలేదు. అడ్డు తప్పుకోమ్మా.”

తప్పుకోమ్మా అన్న తీరుకి ఆఫీసరమ్మ నిజంగానే పక్కకు జరిగింది. భార్య కళ్లజోడు పెట్టె తెరిచింది. కళ్లజోడుంది. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి ఆవిడ చెయ్యి పెట్టిన చోట వస్తువు లేకుండా పోయింది. “బిళ్లలెక్కడ పెట్టారండీ?” అని అడిగితే ఆయన మళ్లీ అదే నవ్వు నవ్వాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, ఇక సంచీ వంకే చూడకుండా, ఆయన కోటు ముందుభాగం విప్పి లోపలి లైనింగు కుట్టు దగ్గర వేళ్లు దూర్చింది. పైకి ఏమీ కనబడని చోట సన్నటి జేబొకటుంది. దాంట్లోంచి చాక్లెట్లు గుప్పెడు బయటికొచ్చాయి. రెండిటి కాగితాలు వలిచి ఆయన నోట్లో పెట్టింది.

కాసేపటికి దర్జీగారి చూపు కుదుటపడింది. వేలు గుచ్చి మీటరులో చూస్తే అంకె పైకి వస్తోంది. ఆయనకు మొదట గుర్తొచ్చింది విమానం కాదు, పెళ్లి కూడా కాదు.

“ఆ జేబు సంగతి నీకెలా తెలుసు?”

“కోటు ఉతికేదెవరు?” అంది భార్య.

తను కుట్టిన అన్ని బట్టల్లోనూ ఎవరికీ దొరకనంత చక్కగా కుట్టింది ఆ జేబేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం అక్కడే, అంతమంది ముందు కూలిపోయింది. అదే సమయానికి పెద్దపెట్టె తోపుడుబండి మీద వెనక్కి వచ్చింది. బట్టల మధ్య క్రీమ్ డబ్బా, డబ్బాలో సీసాలు, సీసాల మీద మందు పేరు, అన్నీ ఆవిడ చెప్పినట్టే ఉన్నాయి. పెట్టె ఇంకా విమానంలోకే ఎక్కలేదట, మందుకు ఏ చలీ తగల్లేదు. ఆఫీసరమ్మ సీసాలను తన చేత్తోనే ఇన్సులిన్ పెట్టెలో పెట్టి ఆవిడ చేతికిచ్చింది.

“విమానం దిగేదాకా మీరిద్దరూ దీన్ని సర్దకండి. దణ్ణం పెడతా” అంది.

వీళ్ల పెట్టె ఎక్కించేదాకా విమానం కదలలేదు. వీళ్లు లోపలికి వెళ్లేసరికి ప్రయాణికులంతా తలలు తిప్పి చూశారు. ఇద్దరూ తేలుకుట్టిన దొంగల్లా వెళ్లి తమ సీట్లలో కూర్చున్నారు. దర్జీగారు బుద్ధిగా ముందు భోజనం తిన్నాడు. మబ్బులు కిందికి పోయాక, ఇన్నేళ్లుగా అడగని ప్రశ్న అడిగాడు.

“అసలు ఎందుకే ఈ డబ్బాల పిచ్చి? దేంట్లోది దాంట్లో పెడితే ఏం పోతుంది?”

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. “మీకు షుగరని తెలిసిన కొత్తలో తీపి కోసం వంటిల్లంతా దేవులాడేవారు. పేరున్న డబ్బా కనబడితే చాలు, మూత తీసేవారు. అందుకని తీపి డబ్బాలో ఇంకేదో పెట్టా. ఆ ఇంకేదో డబ్బా ఖాళీ అయితే దాంట్లో మరొకటి పెట్టా. అలా ఇల్లంతా మారిపోయింది. మీరు వెతకడం మానేశారు, నేను మార్చడం మానలేకపోయా.”

ఇన్నాళ్లూ ఆవిడకు సర్దుకోవడం చేతకాదని పదిమందిలో వేళాకోళం చేసినందుకు దర్జీగారికి సిగ్గేసింది. ఆ వెంటనే, తన కోసం ఒక మనిషి ఇల్లు ఇల్లంతా తలకిందులు చేసుకుందని తెలిసి ఒళ్లంతా హాయిగా అనిపించింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ విడిపించుకోలేదు. “ఇంకెన్ని చాక్లెట్లున్నాయి?” అని మాత్రం అడిగింది.

రిజిస్ట్రారు ఆఫీసు గేటు దగ్గర చెల్లెలు కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. టాక్సీలోంచి అన్నయ్య దిగడం చూసి ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనబడకుండా కసురుకుంది. “షుగర్ ఎలా ఉంది?”

“దాని పని పొద్దునే అయిపోయింది. పద” అన్నాడు దర్జీగారు.

లోపల పెళ్లికొడుకు రిజిస్ట్రారు గారి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. రిజిస్ట్రారు గారు అప్పుడే వచ్చిన టీలో చక్కెర కలుపుకుంటూ, కాగితం ముందుకు జరిపి పెళ్లికొడుకును సంతకం పెట్టమన్నారు. మాస్టారు కలం పట్టుకున్నాడు. కలం కాగితం మీద ఆనలేదు. చెయ్యి వణుకుతోంది. నుదుటి మీదినుంచి చెమట కారి చొక్కా కాలరులోకి దిగుతోంది.

“పెట్టండి” అంది చెల్లెలు.

ఆయన పెట్టలేదు. ఆవిడ వైపు అయోమయంగా చూశాడు.

“ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పేయండి” అంది ఆవిడ. పొద్దుటి నుంచీ అన్నయ్య వస్తాడో రాడో అన్న భయంలో, పెళ్లికొడుకు గురించి ఆవిడ అసలు భయపడనే లేదు.

“ఇష్టం లేని పెళ్లి నేను చెయ్యనమ్మా” అన్నారు రిజిస్ట్రారు గారు చెంచా పక్కన పెట్టి.

అప్పుడు మాస్టారు ఒక నవ్వు నవ్వాడు. సమయం కాని సమయంలో, అర్థం లేని పిచ్చి నవ్వు. చెల్లెలి మొహం నల్లబడిపోయింది. దర్జీగారు మాత్రం ఆ నవ్వు వినగానే ముందుకు వంగాడు.

“మాస్టారూ, పొద్దున సూది వేసుకున్నారా?”

మాస్టారు తలూపాడు.

“ఏమైనా తిన్నారా?”

లేదని తల అడ్డంగా ఆడించాడు. దర్జీగారు మరొక్క మాట మాట్లాడకుండా రిజిస్ట్రారు గారి టీ కప్పు అందుకుని, పక్కనున్న చక్కెరంతా దాంట్లో ఒంపి మాస్టారి చేత తాగించాడు. రిజిస్ట్రారు గారు ఏదో అనబోయి, దర్జీగారి భార్య చూసిన చూపుకి ఊరుకున్నారు.

కాసేపటికి మాస్టారికి మాట వచ్చింది. వచ్చిన మొదటి మాట చెల్లెలికే చెప్పాడు. “నాకూ షుగరే. మొదట్లోనే చెబుదామనుకున్నా. కారులో కూర్చున్నప్పుడల్లా నువ్వు మీ అన్నయ్యగారి షుగర్ నీ రోజులెన్ని పాడుచేసిందో చెప్పేదానివి. ఇంకో షుగర్ వస్తోందని చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇవాళ సూది వేసుకున్నాక వేళకి తినాలి, కానీ పెళ్లి ముందు తిండికెందుకింత తొందరని నువ్వడిగితే మందు సంగతి బయటపడుతుందని తినలేదు.”

చెల్లెలు మాస్టారిని చూసింది, అన్నయ్యను చూసింది. తను ఇన్నేళ్లు కనబడినవాళ్లందరికీ చెప్పుకున్న పేచీ తిరిగొచ్చి తన కళ్లముందే చెమటలు కక్కుతూ కూర్చుంది. ఎవర్ని కోప్పడాలో తెలియక, రుమాలు తీసి ఆయన నుదురు గట్టిగా తుడిచింది.

“డ్రైవింగ్ వచ్చీ రానట్టు నటించారు. షుగరుండీ లేనట్టు నటించారు. ఇంకేమైనా ఉన్నాయా?”

“లేవు.”

“అయితే సంతకం పెట్టండి. అన్నయ్యా, తర్వాత నువ్వు.”

మాస్టారు పెట్టాడు. చెల్లెలు పెట్టింది. దర్జీగారు కళ్లజోడు కోసం అలవాటుగా నెత్తి తడుముకుని, భార్య అందించిన కళ్లజోడు పెట్టుకుని, తన జీవితంలోకెల్లా అందంగా సంతకం పెట్టాడు. సంతకం మీద ఒక చుక్క నీరు పడబోతే చేత్తో అడ్డుకున్నాడు. రిజిస్ట్రారు గారు ఇంకో టీ తెప్పించుకుని, దాన్ని అందరికీ దూరంగా పెట్టుకున్నారు.

బయటికి వచ్చాక చెల్లెలు వదినను పక్కకు లాగి, మొగుళ్లిద్దరికీ వినబడకుండా గొంతు తగ్గించింది.

“వదినా, మీ ఇంట్లో ఖాళీ డబ్బాలేమైనా ఉంటే నాకు కొన్ని ఇస్తావా?”

“ఖాళీవి ఒక్కటీ లేవమ్మా, అన్నిట్లోనూ ఏదో ఒకటి ఉంది” అంది వదిన. “ఏముందో మాత్రం ఇవాళ్టి నుంచి నన్నడక్కు.”